ఆగని కొలిమికి పోశమ్మ బిరడా

పాశమైలారంలో నేను పనిచేసిన సీసం ఫ్యాక్టరీకి కొత్త కొలిమి 1986 ఎండాకాలంలో వచ్చింది. కొబ్బరికాయ కొట్టి నిప్పు రాజేసిన రోజున పట్నాయక్ సారు పనివాళ్లందరినీ షెడ్డులో నిలబెట్టి మాట్లాడాడు. ఆయన మా ప్లాంటు ఇంజనీరు. ఒరిస్సా మనిషి. తెలుగు కష్టపడి నేర్చుకున్నాడు, కష్టపడే మాట్లాడేవాడు.

“పాత కొలిమి గారెలు వేసినట్టు. ఒక వాయి వేస్తాం, తీస్తాం, చల్లారుతుంది, మళ్లీ ఇంకో వాయి. ఇందులో వాయిలు లేవు. పైన రాతిపొడి పడుతూ ఉంటుంది. కింద ఒక పక్క సీసం కారుతూ ఉంటుంది, ఇంకో పక్క చిట్టెం. పగలు, రాత్రి, ఆదివారం, దసరా. బంద్ అనే మాట లేదు.”

వెనక వరసలోంచి ఒక ఆడగొంతు లేచింది.

“పిండి గిర్ని లెక్కనన్నట్టు. మరి గిర్ని పట్టేటాయన నడుమల బువ్వ తినడా సారూ?”

షెడ్డంతా నవ్వింది. పట్నాయక్ సారుకు ప్రశ్న సరిగా అర్థం కాలేదు గాని, అందరూ నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వాడు. ల్యాబులో రాతిపొడిని పరీక్షించి, అందులో సీసం పాలెంతో చెప్పే ఉద్యోగం నాది. మూల నిలబడి నేనూ నవ్వాను.

అడిగినామె పోశమ్మ. వయసెంత అంటే “హైదరాబాదు మీదికి మిలిటరీ వచ్చిన ఏడు నేను మా అవ్వ కడుపుల ఉన్న” అనేది. అంటే అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, చెయ్యి మాత్రం మగవాడి చెయ్యంత. కూలోళ్ల ఇంట పుట్టింది. చిన్నప్పుడు తను కలుపు తీసిన జొన్నచేలోనే మా ఫ్యాక్టరీ లేచింది. చేను పోయాక అదే నేలలో తట్ట పట్టుకుని పనికి వచ్చింది. ఫ్యాక్టరీకి రాకముందు నుంచీ ఊళ్లో ఆమెకు పొయ్యిలు వేయడంలో పేరు. పెళ్లి వంటలకు నాలుగు బారల పొడవు గాడిపొయ్యి వేయాలన్నా, బాలింత గదిలో పొగ రాని చిన్న పొయ్యి వేయాలన్నా పోశమ్మనే పిలిచేవాళ్లు. మా దగ్గర మాత్రం ఆమె పని రాతిపొడి, సున్నపురాయి, కోకుబొగ్గు పాళ్లు కలిపి కొలిమికి అందించడం. తోడు ముత్యమ్మ, ఎంకమ్మ అని మరో ఇద్దరు. మూతికి గుడ్డ కట్టుకుని, దుమ్ముకు విరుగుడని కంపెనీ ఇచ్చే బెల్లం ముక్క దవడన పెట్టుకుని, ముగ్గురూ పొద్దంతా కలుపుతుండేవాళ్లు.

పాత కొలిమి ఉన్నప్పుడు వాయికీ వాయికీ నడుమ వాళ్లకు గంటన్నర తీరిక దొరికేది. కూర్చునేవాళ్లు, ఆకువక్క వేసుకునేవాళ్లు, ఊళ్లో వాళ్ల గుట్లన్నీ విప్పుకునేవాళ్లు. కొత్త కొలిమి ఆ గంటన్నరను మింగేసింది. పొడిని పైకి మోసే పట్టీ తిరుగుతూనే ఉండేది, తట్ట నింపుతూనే ఉండాలి. ఒకరు తింటే ఇద్దరు కలపాలి. సెలవడిగితే ఫోర్‌మన్ కిష్టప్ప చేతులు జోడించేవాడు. “కొలిమికే సెలవు లేదు, మీకేడికెళ్లి ఇయ్యాలె తల్లీ?”

అయితే ఆగనంటూ వచ్చిన ఆ కొలిమి మొదటి నెలలోనే పదకొండు సార్లు ఆగింది.

సీసంతో గొడవ లేదు. బరువైంది కాబట్టి అడుగుకు చేరి, పక్క గొట్టంలోంచి తనంతట తానే కారిపోయేది. దాని మీద తేలే చిట్టెంతోనే, అంటే కరిగిన రాతి మడ్డితోనే, తంటా. గంటకోసారి దాని రంధ్రం పొడిచి తెరవాలి, కారనిచ్చి మళ్లీ మూయాలి. మూయడమంటే పొడుగాటి కడ్డీ కొసన మట్టిముద్ద పెట్టి ఆ నిప్పుల నోట్లోకి కుక్కడం. ఆ ముద్ద గంటసేపు కదలకుండా నిలవాలి. గంట తర్వాత నాలుగు పోట్లకే ఊడిరావాలి. దానికోసం బొంబాయి నుంచి సంచుల్లో మట్టి తెప్పించారు. అది రాయిలా బిగుసుకునేది. కిష్టప్ప సమ్మెటతో అరగంట బాదేవాడు, లోపల చిట్టెం పొంగేది, పైన పట్టీ ఆపేవాళ్లు. ఒకసారి ముద్ద నిప్పులు విరజిమ్మి కిష్టప్ప మీసం ఒక పక్క మాడింది. రెండో పక్క కూడా ఆయనే గొరిగించుకున్నాడు.

“కిష్టన్నా, పొయ్యికి బుక్కెడు మన్ను వెట్టరాదా నీకు?” అంది పోశమ్మ, తట్ట దించుతూ.

మీసం పోయిన మనిషికి కోపం ఎక్కువ. “నువ్వే వెట్టు!”

“వెడ్త. జెర ఆగు.”

ఫ్యాక్టరీ వెనక గోడకు ఒక కంత ఉండేది. పోశమ్మ తట్టతో అందులోంచి దూరి వెళ్లి, బూడిదరంగు సుద్దమన్ను తెచ్చింది. అందులో గుప్పెడు వరి ఊక, చిటికెడు బొగ్గుపొడి వేసి, నీళ్లు చిలకరించి పిసికింది. పిడికిట పడితే నిలవాలి, వేళ్లకు మాత్రం అంటకూడదు. నీళ్లెక్కువైతే కొలిమి మొహాన ఉమ్ముతుంది, తక్కువైతే ముద్ద పగులుతుంది. ఊక లోపల కాలిపోయి ముద్దంతా సన్నని బెజ్జాలవుతుంది, అందుకే పొడిస్తే ఊడుతుంది. ఇదంతా ఆమె తర్వాత నాకు చెప్పింది. ఆ రోజు ఏమీ చెప్పలేదు, ముద్ద కిష్టప్ప చేతికిచ్చి పోయి తన తట్ట ఎత్తుకుంది.

ఆ బిరడా గంట నిలిచింది. మూడు పోట్లకు ఊడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. సాయంత్రానికి పట్నాయక్ సారు పరుగున వచ్చాడు.

“పోశమ్మా! ఈ మట్టి ఎక్కడిది?”

అప్పుడు నేను పక్కనే ఉన్నాను. పోశమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఒకసారి తిరుగుతున్న పట్టీ వైపు చూసింది, ఒకసారి చెమటతో నిలబడిన ముత్యమ్మ వైపు చూసింది.

“శానా దూరం సారూ,” అంది. “ఝరాసంగం దాటినంక మంజీర మలుపు తిరిగెకాడ.”

“వ్యాను పంపిస్తాను.”

“వ్యాను వోతే మన్ను వస్తదా? తొలికోడి కూయంగ తవ్వాలె. అంటే ముందటి దినమే పోయి ఆడ ఉండాలె. ఆడోళ్లే తవ్వాలె. మొగోళ్ల చెయ్యి తగిలితే పగులుతది. పదిహేను దినాలకోసారి తేవాలె, పాతదైతే పని చెయ్యది.”

పట్నాయక్ సారు సైన్సు చదివిన మనిషి. అయినా పదకొండు సార్లు కొలిమి ఆగిన మనిషి కూడా. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, చెప్పినవన్నీ రాసుకున్నాడు.

అలా నెలకు రెండుసార్లు, రెండేసి రోజులు, ముగ్గురు ఆడవాళ్లు కంపెనీ వ్యానులో మట్టికి బయలుదేరేవాళ్లు. డ్రైవరు యాదన్నకు అత్తగారిల్లు న్యాల్కల్‌లో. అతని నోరు మూయించాల్సిన అవసరమే రాలేదు. వాళ్లు ఝరాసంగం గుడికి పోయారు, బీదరు కోట చూశారు, జహీరాబాదులో రెండాటలు సినిమా చూశారు. ముత్యమ్మ నారాయణఖేడ్‌లో ఉన్న అక్కను ఆరేళ్ల తర్వాత చూసి, మెడ పట్టుకుని ఏడ్చిందట. ఎంకమ్మ ఒకసారి ఏ పనీ చేయకుండా, సత్రం అరుగు మీద పొద్దంతా నిద్రపోయిందట. తిరిగొచ్చేటప్పుడు మసక వేళకు వ్యాను మా వెనక గోడ దగ్గర ఆగేది. సంచులు అక్కడ నింపుకుని, ముందు గేటులోంచి దర్జాగా లోపలికి తెచ్చేవాళ్లు. నమ్మకం కోసం ప్రతి సంచి పైన నాలుగు నది నత్తగుల్లలు వేసేది పోశమ్మ.

ఆ గుల్లలను పట్నాయక్ సారు తన బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు. కొలిమి ఆగడం మానేసింది. మరుసటి ఏడు ఆయన జంషెడ్‌పూర్‌లో పెద్ద సభకు వెళ్లి, మంజీర ఒండ్రుమట్టి గుణాల మీద పత్రం చదివి వచ్చాడు. అచ్చయిన పుస్తకం మాకందరికీ చూపించాడు. పోశమ్మ దాన్ని పట్టుకుని, తలకిందులుగా తిప్పి, “మంచిగున్నది సారూ” అంది.

నాకు ఆ సంగతి తెలిసింది ఎనభై ఏడు చివర్లో. కొత్త షెడ్డు పునాదికని వెనక గోడకు ఇవతల గొయ్యి తీసి, మట్టి పరీక్షకు పంపారు. పైన మొరం, దాని కింద బూడిదరంగు సుద్ద. లెక్కలు వేసి చూసుకుంటే, నది మట్టి అని నేను రాసిపెట్టుకున్న అంకెలే మళ్లీ వచ్చాయి. రెండోసారి చేశాను. అవే. పోశమ్మను ల్యాబుకు పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాను. ఆమెకు చదువు రాదు, కాని నా మొహం చదివేసింది.

“మీ మిషిను అబద్ధం చెప్తదా సారూ?”

“చెప్పదు.”

“మరి మీరు?”

నాకు నవ్వాగలేదు. ఒక కాగితం మడిచి సొరుగులో వేశాను. మర్నాడు మధ్యాహ్నం నా బల్ల మీద మూతపెట్టిన గిన్నెలో సర్వపిండి ఉంది. లంచం అనుకుంటారేమో! దానికోసం ఊరుకోలేదు. ఆ కొలిమి వచ్చాక నాకూ ఆదివారాలు పోయాయి, ఎవరో ఒకరు దాన్ని ఏమార్చారంటే లోపల హాయిగా అనిపించింది.

ఆ ఆట రెండేళ్లు సాగింది. ఎనభై ఎనిమిది ఆషాఢంలో కలకత్తా నుంచి ఇద్దరు నిపుణులు మా కొలిమిని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. పత్రం చదివి వస్తున్నారు. మట్టి తీసే చోటు కూడా వాళ్లకు వివరంగా చెప్పాలని పట్నాయక్ సారు ఈసారి తనే వ్యాను ఎక్కాడు. పోశమ్మ మొహంలో రంగు పోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

“మీరెందుకు సారూ? మొగోళ్లు తవ్వితే పగులుతదని చెప్పిన గద.”

“అది మూఢనమ్మకం పోశమ్మా. నేను తవ్వి చూపిస్తాను.”

ఏ మలుపని చూపిస్తుంది? యాదన్న ఒక దారిన పోనిచ్చాడు, నది కనిపించిన చోట పోశమ్మ “ఇదే” అంది. పట్నాయక్ సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదలో దిగి, తన చేత్తోనే పది సంచులు నింపాడు. మట్టి నల్లగా ఉందేమని అడిగితే, “తడి మీద గిట్లనే ఉంటది, ఎండితే తెల్లగైతది” అని సర్దిచెప్పింది. ఫ్యాక్టరీకి చేరాక సంచులు మార్చేయవచ్చన్నది ఆమె ఆలోచన. ఆయన వాటిని తన గదిలో పెట్టించి తాళం వేసుకున్నాడు.

నిపుణులు వచ్చింది మర్నాడు పొద్దున పదకొండింటికి. తెల్ల టోపీలు పెట్టుకుని కొలిమికి పది బారల దూరాన నిలబడ్డారు. నేను నమూనా గరిటెతో అక్కడే ఉన్నాను. చిట్టెం కారింది. కిష్టప్ప నది మట్టి ముద్దను కడ్డీకి పెట్టి కుక్కాడు. పట్నాయక్ సారు వాళ్లకు ఇంగ్లీషులో ఏదో వివరిస్తున్నాడు. ఇసుక కలిసిన మట్టి, పైగా పచ్చితడి. అయిదు నిమిషాలు గడవకముందే బుస్సుమంది. ముద్ద ఎగిరి అవతల పడింది. చిట్టెం ఎర్రగా కాలువ దాటి పొంగి, పట్టీ వైపు పాకింది.

“మట్టి! మట్టి!” అని అరిచాడు పట్నాయక్ సారు. ఉన్న పది సంచులూ అదే మట్టి. కిష్టప్ప ఇంకో ముద్ద పెట్టాడు, అదీ ఎగిరింది.

పోశమ్మ తట్ట పట్టుకుని పరుగెత్తింది. గోడ కంతలోంచి దూరడం అందరూ చూశారు. ఆకువక్క నమిలేంతసేపు కూడా కాలేదు, మట్టితో తిరిగొచ్చింది. ముత్యమ్మ అప్పటికే ఊక పోసి సిద్ధంగా ఉంది. ఇద్దరూ నేల మీదే పిసికారు.

“గట్టిగ నూకు కిష్టన్నా! వెనకకు రాకు!”

కిష్టప్ప కడ్డీని పొట్టకు ఆనించి నూకాడు. చిట్టెం సన్నబడింది, చుక్కలయింది, ఆగింది. పట్టీ తిరుగుతూనే ఉంది. పోశమ్మ చీర కొంగు నాలుగు చోట్ల కాలి బెజ్జాలు పడింది. ఆమె అది చూసుకోలేదు. పట్నాయక్ సారు మొహమే చూస్తోంది.

కలకత్తా పెద్దమనుషుల్లో ఒకాయన, ఆ మట్టి ఎక్కడ నుంచి వచ్చిందని అడిగాడు. అడిగి ఊరుకోక, కంత దాకా నడిచాడు. మేమంతా వెంట వెళ్లాం. గోడవతల రెండేళ్లు తవ్విన గుంట, చిన్న గదంత ఉంది. అడుగున వాననీళ్లు. ఆ నీళ్లలో ఎవరిదో బర్రె పడుకుని నెమరేస్తోంది.

పట్నాయక్ సారు గుంటను చూశాడు, బర్రెను చూశాడు, పోశమ్మను చూశాడు. అచ్చయిన తన పత్రం ఆ పెద్దమనిషి చంకలోనే ఉంది. పట్నాయక్ సారు గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో ఆయన చెప్పింది ఇదీ:

“నది మట్టిని తెచ్చి ఇక్కడ ఆరు నెలలు మాగబెడతాం. తాజా మట్టి పనికిరాదు. ఇప్పుడు మీరే చూశారు కదా.”

“మరి ఆ బర్రె?”

“తొక్కడానికి.”

పెద్దమనుషులిద్దరూ అది రాసుకున్నారు.

వాళ్లు వెళ్లిపోయాక పట్నాయక్ సారు తన గదిలోకి మమ్మల్ని పిలిచాడు. పోశమ్మ, ముత్యమ్మ, ఎంకమ్మ, కిష్టప్ప, నేను. బల్ల మీద నత్తగుల్లలు అలాగే ఉన్నాయి.

“రెండేళ్లు, పోశమ్మా. నలభై ఎనిమిది సార్లు వ్యాను పోయింది.”

“నలభై ఆరు సారూ. రెండుసార్లు వానకు పోలే.”

కిష్టప్ప దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“ఎందుకు చేశావు?”

పోశమ్మ గొంతు ఈసారి తగ్గింది. “కొలిమికి మన్ను కావాలె, అది గోడెనకనే దొరికింది. మాకు రెండు దినాలు కావాలె, అవి యాడ దొరకలే. గందుకే మన్నును దూరం వెట్టిన. తీసేస్తే నన్ను తీసెయ్యిండ్రి సారూ. ఈళ్లిద్దరు నేను చెప్తేనే వచ్చిండ్రు.”

ఆయన బల్ల మీది ఒక గుల్లను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, “ఇంత గుంట తవ్వుతుంటే ఇన్నాళ్లూ మాలో ఒక్కరం కూడా ఎందుకు చూడలేదు?” అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆడవాళ్లు ముగ్గురూ నేల చూపులు చూశారు. చివరికి ముత్యమ్మ నోరు విప్పింది. “అది మేము బయటికి పోయే జాగ సారూ. మొగోళ్లు అటు రారు.”

పట్నాయక్ సారు చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఫ్యాక్టరీ పెట్టి ఎనిమిదేళ్లు. మగవాళ్లకు రెండు పాయిఖానాలు. ఆడవాళ్లకంటూ ఒకటి కట్టాలని, నాతో సహా, ఎవరికీ తట్టలేదు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. భుజాలు కదులుతుంటే మేము భయపడ్డాం. తీరా ఇటు తిరిగాక చూస్తే, ఆయన నవ్వాపుకోలేక అవస్థ పడుతున్నాడు.

“తొక్కడానికి!” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “నేను, తొక్కడానికి అని చెప్పాను!”

అప్పుడు కిష్టప్ప కూడా ఇక ఆపుకోలేదు. “మొగోడు తవ్వితే పగులుతదని పోశమ్మ ముందుగాలనే చెప్పింది గద సారూ!”

నెల తిరగకముందే ఆడవాళ్ల పాయిఖానా లేచింది. పొడి కలిపే పనికి ఇంకో ముగ్గురిని తీసుకున్నారు, దాంతో వంతులవారీగా వారానికో రోజు అందరికీ సెలవు దొరికింది. వ్యాను మాత్రం ఆగలేదు. నది మట్టి మాగబెడతామని ఊరంతా చెప్పుకున్నాక తేకపోతే ఎట్లా? నెలకోసారి వెళ్లేది. నాలుగో ప్రయాణం నుంచి పట్నాయక్ సారు భార్య కూడా ఎక్కింది. ఆమెకు తెలుగు రాదు, పోశమ్మకు ఒరియా రాదు. ఇద్దరూ కలిసి బీదరు బజారులో గాజులవాడిని బేరంలో ఏడిపించారని యాదన్న కథలుగా చెప్పేవాడు.

తొంభై ఆరులో మట్టి కుక్కే యంత్రం వచ్చింది, దాంతో పాటు డబ్బాల్లో దాని ముద్దా వచ్చింది. పోశమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి, “పాయసంల పిండి ఎక్కువైంది” అని పక్కకు జరిగింది. పట్నాయక్ సారు అంతకుముందే బదిలీ మీద వెళ్లిపోయాడు. పొగ గురించి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేసిన కేసులు ఒక పక్క, బయటి దేశాల నుంచి చవకగా దిగే సీసం ఇంకో పక్క. తొంభై తొమ్మిదిలో ఫ్యాక్టరీ మూతపడింది. ఆర్పేసిన కొలిమిలో మిగిలినదంతా ఒకే గడ్డగా బిగుసుకుపోతే, దాన్ని పగలగొట్టడానికి పదిహేను రోజులు పట్టింది. కిష్టప్ప చివరి రోజు దాకా ఉండి, జహీరాబాదు వెళ్లిపోయాడు.

తర్వాత నేను పటాన్‌చెరులో ఇంకో ల్యాబులో చేరాను. రెండు వేల నాలుగులో ఒకసారి పని మీద పాశమైలారం వెళ్తే, వరసగా ఉన్న కిరాయి గదుల ముందు పోశమ్మ కనిపించింది. బీహారు నుంచి, ఒరిస్సా నుంచి మందుల ఫ్యాక్టరీలకు వచ్చిన కూలీలు ఉండే గదులవి. గదికొక పొయ్యి, అన్నీ ఆమె వేసినవే. ఒక బీహారు పిల్ల కొత్త పొయ్యి పక్కన గొంతుకూర్చుని ఉంటే, రెండు రోజులు ఆరనివ్వాలని, లేకపోతే పగులుతుందని పోశమ్మ తనకు వచ్చిన హిందీలో చెప్తోంది.

“దో దిన్ ఆగ్ నై లగానా. సమజ్ అయ్యిందా? సూక్‌నా. నై తో ఫట్ జాతా.”

నన్ను చూసి లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. ముత్యమ్మ నారాయణఖేడ్‌లో అక్క దగ్గరే ఉంటోందని, ఎంకమ్మ పోయిన ఏడు కాలం చేసిందని చెప్పింది. ఇప్పుడు బరువు పనంతా కోడలు చేస్తుంది, తను అరుగు మీద కూర్చుని వంకలు పెడుతుంది. నేనున్న అరగంటలోనే ఆ కోడలి చేత ఒక పొయ్యి మూతి దగ్గరి గడప రెండుసార్లు చెరిపించింది. మూడోసారి కోడలు తట్ట కింద పడేసి, “నువ్వే ఎయ్యి అత్తా!” అంది. పోశమ్మ నావైపు చూసి కన్ను గీటి, చేతులు చాచింది. ఇద్దరం రెండు రెక్కలూ పట్టి లేపాం. వెళ్లి మట్టి దగ్గర కూలబడి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పిసకడం మొదలుపెట్టింది.